పల్లెపాలెంలో నా పేరు గొడుగు

పుట్టిన రోజు నుంచి ఆరేళ్ళు నిండేదాకా. అంతవరకే ఆ పిల్లలు మావాళ్ళు. ఆ తర్వాత బడివాళ్ళకి అప్పగించి, ఇంకో పిల్లని వెతుక్కుంటూ మేం బస్సెక్కాలి. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతి ఇదే కాబట్టి ముందుగా చెబుతున్నాను. మిగతావన్నీ ట్రైనింగులో చెబుతారు.

నేను బందరులో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేశాను. తొంభైల మొదట్లో చేరి, రెండువేల పది రాకముందే రిటైరయ్యాను. నా హోదా కోఆర్డినేటర్. ఆ మాట మా అత్తగారికి నోరు తిరగక, అడిగినవాళ్ళకల్లా "మా కోడలు పిల్లల ఆఫీసులో చేస్తుంది" అని చెప్పేది. ఆవిడ చెప్పిందే నయం. వినపడని, కనపడని, నడవలేని, ఈడుకు తగ్గట్టు ఎదగని చిన్నపిల్లలు ఎక్కడున్నారో కనుక్కోవాలి. డాక్టరుకి చూపించాలి. ఫిజియోథెరపీ చేసేవాళ్ళని, మాటలు నేర్పేవాళ్ళని వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాలి. ఇంట్లో ఏం చెయ్యాలో తల్లికి నేర్పాలి. చివరికి ఏదో ఒక బళ్ళో కూర్చోబెట్టాలి. నేను డాక్టర్నీ కాను, థెరపిస్టునీ కాను. వీళ్ళందరి మధ్యా తిరిగే మనిషిని. గురువారం గుడివాడ, శుక్రవారం దివిసీమ, మిగతా రోజులు బందరు.

చేతిలో ఎప్పుడూ మా నాన్న వాడిన నల్లగొడుగు ఉండేది, వంకీ పిడిది. ఎండకీ వానకీ అదే, కుక్కల్ని అదిలించడానికీ అదే, పిల్లలకి ఇసుకలో బొమ్మలు గీయడానికీ అదే. మా ఆఫీసులో అమ్మాయిలు మడతపెట్టే గొడుగులు కొనుక్కుని నన్ను చూసి నవ్వేవాళ్ళు. వాళ్ళ గొడుగులు మొదటి గాలివానకే తిరగబడేవి. నాది నాతోపాటే రిటైరైంది.

గుడివాడ దాదీ

ముందుగా గుడివాడ సంగతి ఒకటి చెబుతాను, తర్వాత చెప్పబోయేదానికి ఇది కావాలి. అక్కడ ఒక టైలరు గారి అబ్బాయికి పుట్టుకతోనే కాళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. నాలుగేళ్ళు వచ్చినా నేల మీద కూర్చునేవాడు కాదు. మేం తల్లికి అన్నీ నేర్పాం. ఆ అమ్మాయి బుద్ధిగా నేర్చుకుంది. నెలలు గడిచినా పిల్లాడిలో మార్పు లేదు. ఒకరోజు చెప్పకుండా ఇంటికి వెళ్ళాను. తల్లి మిషను దగ్గర కాజాలు కుడుతోంది. పిల్లాడు వాళ్ళ దాదీ చంకలో ఉన్నాడు.

"కింద దించండి దాదీ" అన్నాను.

"దించితే ఏడుస్తాడమ్మా. నా బంగారం, ఎందుకు ఏడిపిస్తావు?" అంది ఆవిడ.

తెల్లారింది మొదలు పడుకునేదాకా వాణ్ణి ఎత్తుకునే ఉంటోంది. ముద్దు ఎక్కువై ఆ పిల్లాడి కాళ్ళకి నేలంటే ఏమిటో తెలియలేదు. నేనూ మొండిదాన్నే. "అయితే మీరూ కింద కూర్చోండి" అని ఇద్దర్నీ చాప మీద కూలేశాను. దాదీకి మోకాళ్ళ నొప్పులు, ఒకసారి కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి లేపాలి. అందుకని మనవణ్ణి ఎత్తుకుని లేవడం కుదరక, చాపకి ఈ చివర ఆవిడ, ఆ చివర వాడు ఉండిపోయారు. బిస్కెట్టు ఆవిడ చేతిలో ఉంది. కొన్ని వారాలకి వాడు పాక్కుంటూ ఆవిడ దగ్గరికి చేరాడు. దాదీ నన్ను తిట్టడం మాత్రం మానలేదు. నేను వెళ్ళినప్పుడల్లా తిట్టి టీ ఇప్పించేది.

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా తల్లి ఎవరని ముందు అడగడం మానేశాను. ఈ పిల్ల రోజంతా ఎవరితో ఉంటుందో అడిగేదాన్ని. నేర్పాల్సింది వాళ్ళకే.

ఒడ్డు

కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే ఒక పల్లెపాలెం ఉంది. ఉప్పెన తర్వాత కట్టిన కాలనీ ఇళ్ళు, తుఫాను షెల్టరు, దాని పక్కన అంగన్‌వాడీ. షెల్టరు మెట్ల మీదే మా శుక్రవారం క్లాసు. ఒకసారి అంగన్‌వాడీ ఆయమ్మ ఒక పిల్లని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "చూడండి మేడం, ఎంత పిలిచినా పలకదు. మహా పొగరు దీనికి" అంది.

పిల్ల పేరు దుర్గ. మూడేళ్ళుంటాయి. ఒళ్ళో గవ్వలు పోసుకుని ఏరుకుంటోంది. నేను వెనక్కి వెళ్ళి స్టీలు పళ్ళెం ఒకటి సిమెంటు గచ్చు మీద పడేశాను. పిల్లలందరూ ఉలిక్కిపడ్డారు, ఒక చంటిది ఏడుపందుకుంది. దుర్గ గవ్వలు ఏరుకుంటూనే ఉంది.

వాళ్ళమ్మ తిరుపతమ్మ చేపలు అమ్ముతుంది. నేను చెప్పింది విని నవ్వేసింది. "నా కూతురికి వినపడకపోవడమేందండీ? అన్నీ చెబుద్ది, అన్నీ అర్థం చేసుకుంటది. మాటలే ఇంకా రాలేదు. మా మరిదికీ ఆలస్యంగానే వచ్చినయ్యి. నమ్మకపోతే ఒడ్డుకి రండి, చూపిస్తా."

వెళ్ళాను. పడవలు తిరిగొచ్చే వేళ. ఆడవాళ్ళందరూ గంపలు పెట్టుకుని నిలబడ్డారు. కెరటాల హోరులో పక్క మనిషి మాట కూడా వినపడటం లేదు. దూరంగా పడవలో ఒకాయన లేచి నిలబడి తువ్వాలు ఒకసారి తిప్పాడు. తర్వాత రెండు వేళ్ళు వంచి చూపించి, చేతులు బారగా చాపాడు. తిరుపతమ్మ ఇటు తిరిగేలోపు దుర్గ పరుగెత్తుకెళ్ళి రెండో గంప ఈడ్చుకొచ్చింది.

"మా ఆయన నాంచారయ్యండి. రొయ్యలు బాగా పడ్డాయంటున్నాడు" అంది తిరుపతమ్మ నా చెవి దగ్గర అరుస్తూ. తర్వాత పడవకేసి తిరిగి, అరచెయ్యి గుండెల మీద వేసుకుని, ఆ చెయ్యి కిందికి దించి ఇసుకని చూపించింది. ఒడ్డునే ఉన్నానని అర్థమట. పక్కనే దుర్గ కూడా అలాగే చేసింది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ పాలెంలో తాతల నాటి నుంచి ఒడ్డుకీ పడవకీ మధ్య చేతులతోనే మాటలు. ఏ చేప పడింది, ఎంత పడింది, ఎవరికి దెబ్బ తగిలింది, అన్నీ పడవ ఒడ్డుకి చేరకముందే తెలిసిపోతాయి. పిల్లలందరూ నడక వచ్చిన దగ్గర్నుంచీ చేతులు చూసి నేర్చుకుంటారు. దుర్గ అందరికంటే ముందే నేర్చుకుంది. అందుకని ఆ పిల్లకి వినపడదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. బందరులో ఏ మేడ మీద ఇంట్లోనో అయితే ఏడాదిలోపే పట్టేసేవాళ్ళు.

బెజవాడలో పరీక్ష చేయించాం. రెండు చెవులూ వినపడవన్నారు. తిరుపతమ్మ ఆస్పత్రి మెట్ల మీద కూలబడిపోయింది. నాంచారయ్య ఏడవలేదు. అయోమయంగా నా వంక చూసి, "మరి నాతో మాట్లాడుద్ది కదండీ" అన్నాడు. 

చేతులు కట్టేసిన రోజులు

మా డైరెక్టర్ గారిని మేం పెద్దమేడం అనేవాళ్ళం. గంజి పెట్టిన నేత చీర, గట్టి గొంతు. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. వినపడని పిల్లకి చెవిమిషను పెట్టాక ఇంట్లో ఎవరూ చేతులతో సైగ చెయ్యకూడదు. చేతులతో పని జరిగిపోతుంటే నోరు ఎందుకు కష్టపడుతుందని ఆవిడ వాదన. ఆవిడ ఒక్కతే అన్న మాట కాదది, ఆ రోజుల్లో మాకు నేర్పిన వాళ్ళందరూ అలాగే చెప్పేవాళ్ళు. నేనూ పాలెం వెళ్ళి అదే చెప్పాను.

తిరుపతమ్మ దాన్ని మొక్కులా పట్టింది. కూతురితో మాట్లాడేటప్పుడు చేతులు కొంగు కింద దాచుకునేది. చెవిమిషనుకి ఉప్పుగాలి తగిలి చిలుము పట్టకుండా రోజూ పొడిగుడ్డతో తుడిచి సీసాలో పెట్టేది. ఇరుగుపొరుగుకీ చెప్పింది. భర్త చేత ఒట్టు వేయించుకుంది. నాంచారయ్య పడవలో చేతులు దించుకుని నిలబడటం మొదలుపెట్టాడు. ఏం పడ్డాయో పక్క పడవవాళ్ళే చెప్పేవాళ్ళు.

కొన్నాళ్ళకి ఒక శుక్రవారం కోడూరులో బస్సు కోసం నిలబడి ఉంటే నాంచారయ్య సైకిలు దిగాడు. చాలాసేపు హ్యాండిలు తుడుస్తూ నిలబడ్డాడు.

"అమ్మగారండీ, ఒక్క మాట. నా కూతురు నా వంక చూడటం మానేసిందండి."

"అదేంటి నాంచారయ్యా?"

"ముందు రోజూ ఒడ్డుకొచ్చేదండి. నిలబడి చూసేది. నా చేతులు కదలవు కదండి. అలిగిందనుకున్నా. ఇప్పుడసలు రావట్లేదండి, ఇంటెనక కూర్చుంటంది. ఇంట్లో మీరు చెప్పినట్టే నోరు పెద్దగా తెరిచి మాట్లాడుతున్నానండి. నా నోట్లో ఏముందా అని తొంగి చూస్తది."

నవ్వొచ్చింది. ఆయన కూడా కాస్త నవ్వాడు. "పిల్లకి మాటలు రావాలండి, నేను కాదనను. కానీ ఈలోగా నాకు కూతురు లేకుండా పోతదేమోనని భయంగా ఉందండి" అన్నాడు. బస్సు వచ్చింది. దారంతా కిటికీలోంచి చేలకేసి చూస్తూ కూర్చున్నాను, ఒక్క ఊరు కూడా గుర్తులేదు. దాదీ చాప గుర్తొచ్చింది. దుర్గ ఎక్కువగా మాట్లాడేది ఈ మనిషితోనే. ఈయన చేతులు మేమే ఆపేశాం.

మర్నాడు పెద్దమేడం గదిలోకి వెళ్ళాను. నోరు మూసుకుని ఊరుకునే రకం కాదు నేను, ఆవిడ సరేసరి.

"ఒక తండ్రి బాధపడ్డాడని పద్ధతి మార్చేస్తే, రేపు ఆ పిల్ల లోకంలో ఎలా బతుకుతుందమ్మా? దివిసీమ దాటితే ఎవరికి తెలుసు ఆ సైగలు?"

"రేపటి సంగతి సరే మేడం. ఈరోజు ఆ పిల్లతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. మీరొకసారి వచ్చి చూడండి. చూశాక కూడా వద్దంటే, ఇక నోరెత్తను."

"నువ్వా, నోరెత్తకుండానా" అంది కానీ వచ్చింది. అవనిగడ్డ దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో, చివర్న చెప్పులు చేత్తో పట్టుకుని ఎండలో ఇసుక మీద నడిచింది. పెద్దవాళ్ళలో నాకు నచ్చే గుణం ఇదే. వాదించినా, చూడటానికి రావాలి.

నాంచారయ్య పడవ కనపడింది. చేతులు దించుకునే ఉన్నాడు. ఒడ్డున దుర్గ లేదు. "ఆయన్ని మునుపటిలాగే చెయ్యమను" అంది పెద్దమేడం. తిరుపతమ్మ ఒక్క క్షణం తటపటాయించి, కొంగు కింద నుంచి చేతులు తీసి పడవకేసి ఊపింది. పక్కింటావిడ వెళ్ళి దుర్గని తీసుకొచ్చింది.

నాంచారయ్య తువ్వాలు తిప్పాడు. దుర్గ కదల్లేదు. మళ్ళీ తిప్పి, వేళ్ళు వంచి, చేతులు చాపాడు. అప్పుడు ఆ పిల్ల చేతులు లేచాయి. చిన్న చేతులు, ఎంత వేగంగా కదిలాయో చెప్పలేను. నీళ్ళలోకి మోకాలి లోతు వెళ్ళిపోయింది. తండ్రి పడవలో నిలబడి ఒక్కొక్కదానికీ తల ఊపుతున్నాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఏమంటోంది?" అని అడిగింది పెద్దమేడం.

తిరుపతమ్మ అంది, "ఇన్నాళ్ళూ పిలుస్తుంటే ఎందుకు పలకలేదని తిడతందండి."

పెద్దమేడం చీర కుచ్చిళ్ళ నుంచి ఇసుక దులుపుకుంది. "ఒడ్డున చెయ్యి, ఇంట్లో నోరు. రెండూ నడవనీ" అంది. ఆ మాటకే ఆ రోజు తిరుపతమ్మ ఆవిడ చేతులు పట్టేసుకుంది.

నన్నడిగితే అది సగం న్యాయమే. ఇంట్లో మాత్రం చేతులు ఎందుకు వద్దు? ఇప్పుడైతే ఆ ప్రశ్న నేను గట్టిగా అడుగుదును. చేతులూ నోరూ ఒకదాన్నొకటి తినెయ్యవని ఇప్పుడు అందరికీ తెలుసు. మీరు కొత్తవాళ్ళు కాబట్టి చెబుతున్నాను. ఏ ఇంట్లోనైనా "ఇది మానెయ్యండి" అనేముందు, ఆ పని పట్టుకుని అక్కడ ఎవరెవరు వేలాడుతున్నారో చూసి రండి.

ఆరేళ్ళు

నాకు పేరు పెట్టింది దుర్గే. పిడికిలి మీద పిడికిలి పెట్టి, పైదాన్ని మెల్లగా ఎత్తి, వేళ్ళు విప్పేది. గొడుగు. శుక్రవారం నేను ఇసుక దారిలో కనపడగానే ఆ చేతులు లేచేవి. కొన్నాళ్ళకి పాలెంలో అందరూ అలాగే పిలిచారు. దూరంగా పడవల్లోంచి కూడా. బందరులో మేడం అనేవాళ్ళు, ఇంట్లో మా అత్తగారు అమ్మాయీ అనేది. ఏ పిలుపుకీ నా కాళ్ళు అంత తొందరగా కదిలేవి కావు.

మాటలు కొద్దిగానే వచ్చాయి. "అమ్మ" వచ్చింది, "రా" వచ్చింది. అన్నిటికంటే స్పష్టంగా "వద్దు" వచ్చింది. ఆ మాట వాడుకున్నంతగా ఇంకేదీ వాడుకోలేదు.

ఆరేళ్ళు నిండాయి. దూరపు ఊళ్ళో వినపడని పిల్లల బడి, హాస్టలు ఉన్నాయి. నేనే సీటు మాట్లాడాను, నేనే వాళ్ళ ముగ్గుర్నీ తీసుకెళ్ళాను. బడి ఆవరణలో అడుగుపెట్టగానే దుర్గ ఆగిపోయింది. అంతమంది పిల్లలు, అన్ని చేతులూ కదులుతున్నాయి. అక్కడ సముద్రం లేదు, పడవలు లేవు, అయినా చేతులు మాట్లాడుతున్నాయి. ఆ పిల్ల మొహం చూసి నాకు భయం సగం తగ్గింది.

మేం గేటు దాకా వచ్చాక పరుగెత్తుకుంటూ వచ్చింది. అమ్మానాన్నల్ని కావలించుకుంది. నా ఎదురుగా నిలబడి చేతులతో గొడుగు విప్పి, తర్వాత నేలని చూపించి, కనుబొమ్మలెత్తింది. నువ్విక్కడ ఉంటావా అని. అరచెయ్యి గుండెల మీద వేసుకుని ఒడ్డునే ఉన్నానని చెప్పెయ్యాలని చెయ్యి లేచింది కూడా. చెప్పలేదు. నేను ఉండను. తల అడ్డంగా ఊపి, బస్సుని చూపించాను. ఒక్క క్షణం చూసి, సరే వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది. పిల్లలకి అబద్ధం చెప్పకపోవడం మంచిదే. కానీ ఆ నిజం ఇప్పటికీ నా గుండెలో ముల్లులా ఉంది.

ఆ తర్వాత మా కార్యక్రమం ఆ పాలెం నుంచి నాగాయలంక వైపు మారింది. కొత్త పిల్లలు, కొత్త తల్లులు. దుర్గ సెలవులకి వచ్చే రోజుల్లో నేనింకెక్కడో ఉండేదాన్ని. కబుర్లు మాత్రం ఎవరో ఒకరి నోటి ద్వారా చేరేవి. చదువు అయిందని, అదే బళ్ళో చదివిన అబ్బాయిని పెళ్ళి చేసుకుందని, విశాఖలో కాపురమని. బెంగ అనేది పిల్లలు పడేదని అనుకునేదాన్ని. పెద్దవాళ్ళకి పడితే దానికి మందుండదు. రిటైరైన కొత్తలో అవనిగడ్డ బస్సు బయలుదేరే వేళకి మెలకువ వచ్చేసేది. లేచి, ఎక్కడికీ వెళ్ళాల్సింది లేక, కాఫీ పెట్టుకుని కూర్చునేదాన్ని. దుర్గని చూడాలనిపించేది. ఆ పిల్ల నన్ను పిలవడం చూడాలనిపించేది, ఇంకా నిజం చెప్పాలంటే.

మళ్ళీ ఒడ్డు

కొన్నేళ్ళు అలా గడిచాక ఒకరోజు కాఫీ తాగి, గొడుగు తీసుకుని, బస్టాండుకి వెళ్ళిపోయాను. ఎవరికీ చెప్పలేదు.

పాలెంలో షెల్టరుకి కొత్త రంగు వేశారు. మెట్ల మీద నాంచారయ్య వల బాగుచేసుకుంటున్నాడు, తల నెరిసింది. పక్కన ఒక చిన్నపిల్ల, మూడేళ్ళుంటాయి, అటు తిరిగి గవ్వలు ఏరుకుంటోంది. చూడగానే నాకు దుర్గ గుర్తొచ్చింది. నాంచారయ్య తలెత్తి, నన్ను గుర్తుపట్టి లేవబోతే, ఉండమని సైగ చేశాను. అలవాటు పోదు కదా. పిల్ల వెనక్కి వెళ్ళి గొడుగు మొనతో మెట్టు మీద టక్కుమని కొట్టాను.

పిల్ల చటుక్కున వెనక్కి తిరిగింది.

"బాగా వినపడుద్దండి. మా దుర్గ కూతురు. దుర్గకి రెండో కాన్పని దీన్ని మా దగ్గరుంచారండి, మా ఆవిడ విశాఖెళ్ళింది" అన్నాడు నాంచారయ్య.

పిల్ల ఆ మాటలేవీ పట్టించుకోలేదు. గొడుగుని చూసింది. నా మొహం చూసింది. పిడికిలి మీద పిడికిలి పెట్టి, పైదాన్ని మెల్లగా ఎత్తి, వేళ్ళు విప్పింది.

"అమ్మ చెప్పింది" అంది నోటితో.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. నాంచారయ్య వల పక్కన పెట్టాడు. "దుర్గ ఎప్పుడొచ్చినా అడుగుద్దండి, గొడుగొచ్చిందా అని. ఇంకా రాలేదని చెప్తంటాం. ఈసారి వచ్చిందని చెప్తాను" అన్నాడు.

"నువ్వు చెప్పకు నాంచారయ్యా. ఇది చెబుతుంది" అన్నాను.

పిల్లని దగ్గరికి పిలిచి, ఎదురుగా నిలబెట్టాను. అరచెయ్యి గుండెల మీద వేసుకుని, ఆ చెయ్యి కిందికి దించి ఇసుకని చూపించాను. ఇప్పుడు నాకు వెళ్ళాల్సిన ఊరు లేదు, ఎక్కాల్సిన బస్సు లేదు. ఈ మాట ఇప్పుడు నిజంగా చెప్పగలను. "మీ అమ్మకి ఇది చూపించాలి, సరేనా? నువ్వు చెయ్యి చూద్దాం."

పిల్ల చెయ్యి పొట్ట మీద వేసుకుంది. నవ్వొచ్చింది. ఆ చిన్న చెయ్యి పట్టుకుని పైకి జరిపాను. మళ్ళీ చేసింది, ఈసారి ఇసుకని మర్చిపోయింది. మళ్ళీ చేయించాను. చాలా ఏళ్ళ తర్వాత నా చేతిలో మళ్ళీ ఒక పిల్ల చెయ్యి ఉంది. చివరికి సరిగ్గా చేసింది. గుండె, తర్వాత ఇసుక.

"వచ్చేసిందండి" అన్నాడు నాంచారయ్య.

"తెలుసు" అన్నాను. "ఇంకొక్కసారి చెయ్యమ్మా."